రెండో గీత

ఆ మేస్త్రికి కన్నవాళ్ళు పెట్టిన పేరొకటి ఉందన్న సంగతి అందరూ ఎప్పుడో మర్చిపోయారు. వీధి మొత్తానికి అతను రెండుచుట్ల మేస్త్రి. టైమింగ్ చైన్ మార్చిన ఏ ఇంజన్నైనా సరే, తాళం తిప్పి స్టార్టు చేసేముందు పెద్ద పానా పట్టుకుని చేత్తో నింపాదిగా రెండు చుట్లు తిప్పి చూడందే వదిలేవాడు కాదు. బండి యజమాని పక్కన నిలబడి గడియారం చూసుకుంటున్నా, విసుక్కుంటున్నా, చెవిన పెట్టేవాడు కాదు. "ఒక చుట్టుకి ఇంజను సగం నిజమే చెప్తుంది. మిగతా సగం రెండో చుట్టులో చెప్తుంది" అనేవాడు. ఎదుటివాడికి అర్థమైందా లేదా అన్నది అతనికి పట్టేది కాదు. అసలు ఎదుటివాళ్ళ సంగతి పట్టించుకునే మనిషైతే ఈ కథే ఉండేది కాదు.

చైను గొడవ తెలియని వాళ్ళకి రెండు ముక్కల్లో చెప్పాలి. ఇంజనులో కింద పిస్టన్లని ఆడించే ఇరుసు ఒకటి ఉంటుంది. పైన వాల్వుల్ని తెరిచి మూసే ఇరుసులు ఉంటాయి. కిందదీ పైవీ ఒకే లెక్క ప్రకారం కలిసి తిరగాలి. వాటిని కలిపి కట్టిపడేసేదే ఈ చైను. సైకిలు చైను లాంటిదే, కాకపోతే ఇంజను కడుపులో నూనెలో తడుస్తూ తిరుగుతుంది. పళ్ళచక్రాల మీద దాన్ని ఒకటి రెండు పళ్ళు అటో ఇటో వేశారా, పైకొచ్చే పిస్టనూ కిందికి దిగే వాల్వూ ఒకదాన్నొకటి గుద్దుకుంటాయి. ఇక ఆ ఇంజను మీద ఆశ వదులుకోవాల్సిందే.

ఈ రెండు చుట్ల అలవాటు అతనికి పుట్టుకతో రాలేదు. ఇరవై రెండేళ్ళ వయసులో, తన చేతికి తిరుగులేదని మీసం మీద చెయ్యేసుకుని తిరిగే రోజుల్లో, ఒక అద్దె కారుకి చైను మార్చి చూసుకోకుండా తాళం తిప్పాడు. ఒక్కటే చప్పుడు. పదహారు వాల్వులూ వంగిపోయాయి. ఆ కారు నడిపేది ఎవరో పరాయివాడైతే తిట్టి పోయేవాడు. నడిపేది సాక్షాత్తూ అతని అక్క మొగుడు. మర్నాడే యజమాని బావని పన్లోంచి తీసేశాడు.

ఆ సాయంత్రం అక్క షెడ్డుకొచ్చింది. తిట్టలేదు. తమ్ముడి ఎదురుగా నిలబడి, "నా మొగుడి చేతిలోంచి స్టీరింగు లాగేశావుగా. ఇప్పుడు ఆ చేతిలో పానా పెట్టు. పని నేర్పు" అంది. తల్లి పోయాక అతన్ని పెంచింది ఆవిడే. ఎదురు చెప్పే ధైర్యం అతనికి లేదు. అలా ఏడేళ్ళు పెద్దవాడైన బావ, నోటికి హద్దూ అదుపూ లేని బావమరిది దగ్గర పనికి కుదిరాడు.

బావ వేళాకోళం మనిషి. ఎంత తిట్టినా దులిపేసుకునేవాడు. "మీ అక్క నన్ను పెళ్ళి చేసుకున్నప్పుడే ఈ ఇంటి నోళ్ళకి అలవాటు పడ్డాన్రా" అనేవాడు. అలా అంటూ అంటూనే పనంతా నేర్చుకున్నాడు. నాలుగేళ్ళు తిరిగేసరికి వీధిలో మేస్త్రి తర్వాత మేస్త్రి అంతటివాడయ్యాడు.

ఆ వంగిన వాల్వుల పుణ్యమాని మేస్త్రి ఒక రూలు పెట్టాడు. చైను వేసిన మనిషి ఇంజను స్టార్టు చెయ్యకూడదు. చైను ఒకరు వెయ్యాలి, రెండోవాడు వచ్చి చేత్తో రెండు చుట్లు తిప్పి చూడాలి. తన తప్పు తన కంటికి కనబడదని అతని నమ్మకం. దానికో గుర్తు కూడా ఉండేది. ఇంజను ముందు కవరు మీద తెల్ల కాగితం టేపు ముక్క ఒకటి అంటించేవాళ్ళు. చైను వేసినవాడు దాని మీద తన గుర్తూ తేదీ రాసేవాడు. చూసినవాడు పక్కన తన గుర్తూ తేదీ రాసేవాడు. బావ గుర్తు సున్న. మేస్త్రి గుర్తు నిలువు గీత. సున్నా గీతా రెండూ పడితేగానీ తాళం తిప్పేది లేదు. ముప్ఫయ్యేళ్ళకి దగ్గరగా ఆ షెడ్డులో ఒక్క వాల్వు వంగలేదు. మేస్త్రి ఆ మాట వచ్చినవాడికల్లా చెప్పుకునేవాడు.

ఏడాది నుంచి మాత్రం వాళ్ళిద్దరి మధ్యా మాటల్లేవు.

ఒకే షెడ్డు, ఒకే పనిముట్ల పెట్టె, ఒకే కుళాయి దగ్గర చేతులు కడుక్కోవడం. అయినా ఎడమొహం పెడమొహం. చైను పనొస్తే బావ వేసి, సున్న గీసి, పక్కకి తప్పుకునేవాడు. మేస్త్రి వచ్చి, రెండు చుట్లు తిప్పి, గీత గీసి వెళ్ళిపోయేవాడు. మాట్లాడాల్సిన పనంతా ఆ టేపు ముక్కే చేసేది. చూసేవాళ్ళకి చిత్రంగా ఉండేది గానీ పని మాత్రం ఆగలేదు.

కారణం అక్క. అక్కకి ఒక చిన్న కారుండేది, పాల టీ రంగుది. ఎక్కడో మూలపడున్నదాన్ని బావ తెచ్చి, తీర్చిదిద్ది, ఆవిడకి నడపడం నేర్పాడు. కుట్టుపని చేసే మనిషి. కుట్టిన బట్టలు ఇళ్ళకి చేరవెయ్యడానికీ, షెడ్డుకి భోజనం తేవడానికీ అందులోనే తిరిగేది. పోయినేడాది ఆ ఇంజనులో చైను సాగి గొలుసు ఈడ్చినట్టు చప్పుడు మొదలైంది. మేస్త్రే ముందు కవరు విప్పి, చూసి, "చైను పోయింది. కొత్తది తెప్పించి వెయ్యి" అని బావకి అప్పగించి, బండిని షెడ్డు వెనక్కి నెట్టించాడు. మూడు వారాలు గడిచాయి. ఎప్పుడడిగినా "చైను రాలేదు" అనేవాడు బావ. నాలుగుసార్లు అడిగి మానేశాడు మేస్త్రి. వచ్చేపోయే బండ్లతో తీరికెక్కడిది?

ఒకరోజు ఉదయం ఏడింటికి అక్కకి గుండెలో నొప్పి వచ్చింది. ఇల్లు ఊరికి ఈ చివర, షెడ్డు ఆ చివర. అంబులెన్సు వస్తున్నానంది గానీ ఎంతకీ రాలేదు. బావ ఆవిణ్ణి చేతుల మీద మోసుకుని రోడ్డు మీదికి వచ్చి, ఒక పాల వ్యాను ఆపి ఎక్కించాడు. ఆసుపత్రిలో డాక్టరు చూసి, ఇంకో అరగంట ముందు తెచ్చుంటే ఏమైనా చెయ్యగలిగేవాళ్ళం అన్నాడు. ఆయన ఆ మాట అంటుండగానే మేస్త్రి అక్కడికి చేరాడు. అరికాలి మంట నెత్తికెక్కింది. వరండాలో అంతమంది చూస్తుండగా బావ చొక్కా పట్టుకున్నాడు.

"ఊళ్ళో వాళ్ళ బండ్లన్నీ బాగుచేశావు. నీ పెళ్ళాం బండి మూడు వారాలు పొట్ట చీల్చి పడేశావు. అది నడుస్తుంటే అక్క బతికేది. నువ్వే చంపావు."

బావ ఒక్క మాట బదులు చెప్పలేదు. గోడకేసి చూస్తూ నిలబడ్డాడు. ఆ మౌనాన్ని మేస్త్రి తప్పు ఒప్పుకోవడం కింద జమకట్టుకున్నాడు. అక్కడితో మాటలు తెగిపోయాయి. షెడ్డు వెనక ఆ బండి మీద టార్పాలిన్ కప్పారు. ఏడాదిగా మేస్త్రి అటువైపు కాలు పెట్టలేదు. చూడ్డానికి అతనికి గుండె చాలలేదు.

అలాంటిది, ఒక గురువారం పొద్దున్నే మేనకోడలు షెడ్డుకొచ్చింది. బావ కూతురు. నర్సు. మంచం పట్టినవాళ్ళ ఇళ్ళకి వెళ్ళి కట్లు కట్టి, సూదులు వేసి వచ్చే ఉద్యోగం దొరికింది. రోజుకి పదిళ్ళు తిరగాలట.

"మావయ్యా, నాకు అమ్మ బండి కావాలి" అంది. "నాన్ననడిగితే వద్దంటున్నాడు. పాత ఇనుము వాడికి మాట ఇచ్చేశాట్ట. శనివారం వచ్చి పట్టుకుపోతాడట. నిన్నటిదాకా ఆ ఊసే లేదు. నేనడిగాక మొదలుపెట్టాడు."

మేస్త్రి చేతిలో పానా నేల మీద పడింది. "ఇనుము వాడికా?"

బావ ఆ పక్కనే ఒక బండి చక్రం విప్పుతున్నాడు. తలెత్తలేదు. ఏడాదిలో మొదటిసారి మేస్త్రి అతనికి వినపడేలా, కానీ అతనితో కాకుండా, మేనకోడలితో అన్నాడు.

"మనిషిని పోగొట్టుకున్నాడు. ఇప్పుడు ఆ మనిషి గుర్తు కూడా తూకానికి అమ్ముకుంటాడన్నమాట. శనివారం ఎవడొస్తాడో నేనూ చూస్తా. నువ్వెళ్ళమ్మా. బండి నీకు నేను చేసిస్తాను. ఇవాళే మొదలుపెడతాను."

బావ చక్రం వదిలేసి లేచాడు. "ఆ ఇంజను జోలికి పోవద్దని చెప్పు" అని కూతురితో అన్నాడు. చేతులు తుడుచుకుని, చెప్పులేసుకుని, మధ్యాహ్నం భోజనం గిన్నె కూడా తీసుకోకుండా వెళ్ళిపోయాడు.

'మొహం చెల్లక పోయాడు' అనుకున్నాడు మేస్త్రి.

ముందు విడిభాగాల కొట్టుకెళ్ళాడు. బండి మోడలు చెప్పి చైను, అది జారే గైడ్లు, బిగించి ఉంచే టెన్షనరు అన్నీ కలిసిన సెట్టు అడిగాడు. కొట్టువాడు నిచ్చెన ఎక్కబోయి ఆగాడు.

"మీ అక్కగారి బండికేనా? మళ్ళీ ఎందుకు మేస్త్రీ? పోయినేడాది మీ బావ తీసుకెళ్ళాడుగా. రోజూ వచ్చి నా ప్రాణం తోడేశాడు, ఎప్పుడొస్తుంది ఎప్పుడొస్తుందని. వచ్చినరోజు పెట్టె చంకలో పెట్టుకుని పరుగెత్తుకుంటూ పోయాడు."

సెట్టు కొనకుండానే మేస్త్రి వెనుదిరిగాడు. తెచ్చి ఎక్కడో పడేసి ఉంటాడనుకున్నాడు. అలా అనుకోవడమే అతనికి సుఖంగా ఉంది.

షెడ్డు వెనక్కి వెళ్ళి టార్పాలిన్ లాగాడు. పైన అంగుళం మందాన దుమ్ము. కానీ బానెట్టు వైపు అంచు మాత్రం మాటిమాటికీ చెయ్యి తగిలినట్టు శుభ్రంగా ఉంది. బానెట్టు ఎత్తాడు. ఇంజను ముందు కవరు ఊడదీసి పక్కన ఉంటుందనుకున్నాడు. అది దాని చోట్లోనే, రెండే రెండు బోల్టుల మీద వేలాడుతోంది. దాని మీద తెల్ల టేపు ముక్క. టేపు మీద బావ చేత్తో ఒక సున్న, దాని పక్కన తేదీ. పంతొమ్మిది.

అక్క పోయింది ఆ నెలే, ఇరవైన.

సున్న పక్కన గీత ఉండాల్సిన జాగా ఖాళీగా ఉంది.

మేస్త్రి చాలాసేపు ఆ టేపునే చూశాడు. తర్వాత రెండు బోల్టులూ విప్పి కవరు దించాడు. లోపల మెత్తటి గుడ్డ కప్పి ఉంది. గుడ్డ తీస్తే కొత్త చైను. కొత్త గైడ్లు. చైనులో రంగువేసిన లంకెలు మూడూ పళ్ళచక్రాల మీది చుక్కలకి ఎదురుగా కూర్చుని ఉన్నాయి. టెన్షనరులో పిన్ను పెట్టే ఉంది. ఆ పిన్ను లాగితే టెన్షనరు చైనుని బిగించి పట్టుకుంటుంది. రెండోవాడు వచ్చి చుక్కలు చూశాకే పిన్ను లాగాలన్నది కూడా మేస్త్రి పెట్టిన రూలే. వేలితో చైనుని తడిమాడు. తుప్పు లేదు సరికదా, నూనె ఇంకా జిడ్డుగా అంటుకుంది. ఏడాది కిందటి నూనె కాదది. ఎవరో నెలనెలా వచ్చి పూసిన నూనె.

అప్పుడు గుర్తొచ్చింది.

ఆ పంతొమ్మిదో తేదీ మధ్యాహ్నం భోజనాల దగ్గర ఎవరో బండి యజమాని ఉన్నాడు. బావ అలవాటు చొప్పున వేళాకోళానికి దిగాడు. "మా మేస్త్రి టీ తాగినా అంతేనండీ. చెంచా రెండు చుట్లు తిప్పి, లోపల ఏదీ తగల్లేదని తేలాకే గుటకేస్తాడు." అంతా పగలబడి నవ్వారు. మేస్త్రికి తల కొట్టేసినట్టయింది. అలిగాడు. యాభై ఏళ్ళ మనిషి, మీసాలు నెరిసిన మనిషి, చిన్నపిల్లాడిలా మూతి ముడుచుకుని కూచున్నాడు.

మూడింటికి బావ వచ్చాడు. "ఒరేయ్, ఓసారి వెనక్కి రా. ఒకటి చూడాలి."

"నాకు పనుంది."

నాలుగింటికి మళ్ళీ వచ్చాడు. "రెండు నిమిషాల పనేరా. రెండో చూపు ఒక్కటే తరువాయి."

"రెండు చుట్లని నవ్వావుగా. నువ్వే తిప్పుకో."

అయిదింటికి మూడోసారి వచ్చాడు. మొహంలో నవ్వు దాచుకుంటున్నట్టున్నాడు. ఏదో చూపించి ఆశ్చర్యపరచాలని వచ్చిన మనిషి మొహం. "తప్పయిపోయిందిరా, రారా బాబూ" అన్నాడు. మేస్త్రి అటు తిరిగి, "రేపు చూస్తా, ఫో" అన్నాడు.

ఏ ఇంజను అని అడగలేదు. ఆ ఒక్క మాట అడగడానికి అతనికి ఏడాది పట్టింది.

మేస్త్రి కవరు అలాగే నేల మీద వదిలేసి నడిచాడు. ఊరు ఆ చివర నుంచి ఈ చివరకి నడిచే వెళ్ళాడు. బండెక్కాలన్న ధ్యాసే లేదు.

బావ ఇల్లు రెండు గదులు, మెట్లెక్కి పైకి వెళ్ళాలి. ముందుగదిలో కిటికీ పక్కన అక్క కుట్టుమిషను అలాగే ఉంది. సూదిలో పసుపుపచ్చ దారం ఎక్కించింది ఎక్కించినట్టే ఉంది. దాని పక్క స్టూలు మీద బావ కూచుని, కళ్ళజోడు ముక్కు కొసకి జారి పోతుంటే, చొక్కాకి గుండీ కుట్టుకుంటున్నాడు. ఏడాది తర్వాత మేస్త్రి ఆ గుమ్మంలో నిలబడ్డాడు. బావ తలెత్తి అతని మొహం చూడలేదు. చేతులు చూశాడు. వేళ్ళకి నూనె ఉంది.

"విప్పావన్నమాట."

"విప్పాను."

బావ సూది చొక్కాకే గుచ్చి పక్కన పెట్టాడు. "వద్దని చెప్పించాగా."

"ఎందుకు చెప్పలేదు బావా?"

"కూచో ముందు."

"కూచోను. ఆసుపత్రిలో అంతమందిలో నీ చొక్కా పట్టుకున్నాను. చంపావన్నాను. అప్పుడైనా నోరు విప్పొచ్చుగా? నువ్వు చేసి పెట్టావు. నేను రాలేదు. ఒక్క ముక్క. అంటే పోయేదేముంది?"

బావ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. మళ్ళీ పెట్టుకోలేదు.

"మీ అక్క వద్దంది."

మేస్త్రికి అర్థం కాలేదు.

"వ్యానులో తల నా ఒళ్ళో ఉంది. మాట సరిగ్గా రావట్లేదు. 'బండి అయిపోయిందన్నారుగా నిన్న' అంది. అయిపోయింది, మీ తమ్ముడు చూడ్డమే తరువాయి, అలిగి కూచున్నాడు, ఎన్నిసార్లు పిలిచినా రాలేదు అన్నాను. ఒళ్ళు మండే అన్నాన్రా, కాదనను. తర్వాత నా చెయ్యి పట్టుకుని, 'వాడికి చెప్పకండి. తెలిస్తే వాడు మళ్ళీ లేవలేడు' అంది. ఇంక మాట్లాడలేదు."

కింద వీధిలో ఎవరో కూరల బండి తోసుకుంటూ అరుచుకుంటూ పోయారు. మేస్త్రి గోడకి ఆనుకుని, అలాగే జారి నేల మీద కూలబడ్డాడు. ఏడ్చాడు. అక్క పోయినరోజు కూడా అతను ఏడవలేదు. ఆ రోజు కోపం ఉంది, దాన్ని పట్టుకుని నిలబడ్డాడు. ఇవాళ పట్టుకోవడానికి ఏమీ లేదు.

బావ లేచి వచ్చి ఓదార్చలేదు. స్టూలు మీదే కూచుని చెప్పాడు.

"నేనేం మహానుభావుణ్ణి కాదురా. ఎన్నిసార్లు నోటిదాకా వచ్చిందో నాకు తెలుసు. నువ్వు ఆ టేపు మీద గీత గీసి మొహం తిప్పుకుని పోతుంటే, వెనక్కి పిలిచి ఆ బండి దగ్గరికి మెడ పట్టుకుని లాక్కెళ్దామనిపించేది. మాటిచ్చాను గనక ఊరుకున్నా. పిల్ల బండి అడిగేసరికి చేతులు కాళ్ళు ఆడలేదు. విప్పితే నీకు తెలిసిపోతుంది. అందుకే ఇనుము వాణ్ణి రమ్మన్నా."

"మరి నూనె?"

"ఆమె బండి కదా. తుప్పు పడుతుంటే చూస్తూ ఎలా ఊరుకోను?"

మేస్త్రి అరచేత్తో మొహం తుడుచుకున్నాడు. మళ్ళీ బావే గొంతు తగ్గించి అన్నాడు. "ఇంకోటుంది. అది నీకు తెలియదు. ఆ సాయంత్రం నేనే రెండు చుట్లు తిప్పేసి, కవరు బిగించి, ఇంటికి తెచ్చుకుని ఉండొచ్చు. ఇన్నేళ్ళ పనివాణ్ణి, నాకు చూడ్డం రాదా? నీ రూలు. నీ నోటికి జడిసి వదిలేసి వచ్చా. బండి ఎక్కడికి పోతుంది, రేపు చూస్తాడ్లే అనుకున్నా. ఆ సంగతి మీ అక్కకీ చెప్పలేదు. నువ్వు నా చొక్కా పట్టుకున్నప్పుడు నేను మాట్లాడకపోవడానికి అదీ ఒక కారణమే."

అప్పుడు మేస్త్రి తలెత్తి బావ మొహం చూశాడు. ఏడాదిలో ఆ మొహాన్ని సరిగ్గా చూడటం అదే మొదలు. మనిషి సగమైపోయాడు. బుగ్గలు లోపలికి పోయాయి. రోజూ నాలుగడుగుల దూరంలో పనిచేస్తూ ఇది చూడలేదు. ఇంజనులో వెంట్రుకవాసి తేడా పట్టేస్తానని చెప్పుకునే మనిషి.

"పద" అన్నాడు బావ, గుండీ సగం కుట్టిన చొక్కానే వేసుకుంటూ. "ఇనుము వాణ్ణి రావద్దని చెప్తా. పిల్లకి బండి కావాలి. రెండో చూపు పడాలిగా."

ఇద్దరూ బస్సెక్కి షెడ్డుకొచ్చారు. దారంతా ఒకే సీటులో కూచున్నారు. బండి దగ్గరికి వచ్చేసరికి ఎండ పడమటికి తిరిగి ఇంజను మీద సూటిగా పడుతోంది. చుక్కలన్నీ స్పష్టంగా కనబడుతున్నాయి. మేస్త్రి పెద్ద పానా తెచ్చి కింది ఇరుసు బోల్టుకి తగిలించాడు. వంగి టెన్షనరు పిన్ను లాగాడు. టక్కుమంది. వదులుగా ఉన్న చైను ఒక్కసారిగా బిగుసుకుంది.

"తిప్పనా?" అన్నాడు.

"తిప్పు."

మేస్త్రి తిప్పడం మొదలుపెట్టాడు. అప్పుడొక ఆలోచన వచ్చింది అతనికి. దాన్ని తలుచుకుని తర్వాత ఎన్నో రోజులు సిగ్గుపడ్డాడు. రెండు పళ్ళు తప్పు ఉండకూడదా అనుకున్నాడు. బావ లెక్క తప్పి ఉంటే, చైను మళ్ళీ విప్పి వెయ్యాల్సి వచ్చేది. అప్పుడు ఆ సాయంత్రం తను వచ్చినా బండి తయారయ్యేది కాదు. అక్క ఎలాగూ పాల వ్యానులోనే వెళ్ళేది. ఈ మనిషి చేతికి తప్పు రాకూడదని ముప్ఫయ్యేళ్ళు దగ్గరుండి నేర్పినవాడు, ఇవాళ ఆ చేతి పనిలో తప్పు దొరకాలని మొక్కుకుంటూ తిప్పాడు.

ఒక చుట్టు అయింది. ఏదీ తగల్లేదు. పై చక్రాల మీది చుక్కలు సగం దూరం వెళ్ళి కిందికి దిగాయి. రెండో చుట్టు మొదలుపెట్టాడు. అరచెయ్యి చెమట పట్టి పానా జారుతుంటే ప్యాంటుకి తుడుచుకుని మళ్ళీ పట్టుకున్నాడు. ఎక్కడైనా వాల్వు అడ్డుపడితే ఆ బరువు మొదట మణికట్టుకి తెలుస్తుంది. మణికట్టుకి ఏమీ తెలియలేదు. ఇరుసు మెత్తగా, నూనె చప్పుడుతో తిరిగింది. రంగు లంకెలు పక్కకి వెళ్ళిపోయాయి, అవి చైను వేసేటప్పుడే లెక్క, తర్వాత వెళ్ళాల్సినవే. చుక్కలు మాత్రం పైకొచ్చాయి, వచ్చి ఇంజను ఒంటి మీద వాటి వాటి గాట్ల దగ్గర ఆగాయి. వెంట్రుకవాసి తేడా లేదు.

మేస్త్రి పానా తియ్యకుండా అలాగే వంగి ఉండిపోయాడు.

"ఏం?" అన్నాడు బావ.

"సరిగ్గా ఉంది బావా."

"తెలుసు" అన్నాడు బావ.

ఆ రోజు కూడా ఇలాగే ఉండేది. మూడింటికి వచ్చి ఉంటే మూడున్నరకి గీత పడేది. ఆరింటికి కవరు బిగిసేది. బావ ఆ బండిలో ఇంటికి వెళ్ళి కింద హారను కొట్టేవాడు. అక్క కిటికీలోంచి చూసి నవ్వేది. తెల్లారి ఏడింటికి బండి గుమ్మం ముందు ఉండేది. మేస్త్రి ఇదంతా వరసగా తలుచుకున్నాడు. దాంట్లో తప్పించుకోవడానికి ఎక్కడా సందు దొరకలేదు. ఇక వెతకడం మానేశాడు.

పానా తీసి పెట్టెలో పెట్టాడు. కవరు ఎత్తి ఒళ్ళో పెట్టుకుని కూచున్నాడు. జేబులోంచి పెన్ను తీసి, టేపు మీద సున్న పక్కనున్న ఖాళీలో నిలువుగా ఒక గీత గీశాడు. గీత కొంచెం వంకర పోయింది. దాని పక్కన తేదీ వెయ్యాలి. పెన్ను అక్కడ ఆగిపోయింది. ఎడంపక్క బావ రాతలో పంతొమ్మిది, ఏడాది కిందటి పంతొమ్మిది, చూస్తోంది.

"ఏ తేదీ వెయ్యను బావా?" అన్నాడు. నిజంగానే అడిగాడు. చిన్నప్పుడు అక్కని పలక మీద ఏం రాయాలో అడిగినట్టే అడిగాడు.

బావ అతని పక్కన, నూనె మరకల నేల మీదే చతికిలబడ్డాడు.

"ఇవాళ్టిదే వెయ్యరా" అన్నాడు. "నువ్వొచ్చింది ఇవాళే కదా."

మేస్త్రి ఆ రోజు తేదీ వేశాడు.